అన్నము పోయిన పేజీ

రచయితకు అచ్చుతప్పును మించిన అదృష్టం లేదు. నవ్వకండి. మూడో తరగతితో బడి మానేసినవాణ్ని, డొంకతిరుగుడుగా రాయడం నాకు చేతకాదు.

పటాలం నుంచి వచ్చాక నేనొక పుస్తకం రాశాను. యుద్ధంలో చూసింది చూసినట్టు, తొంభై పేజీలు. అప్పట్లో ఊరికే ఇస్తానన్నా తీసుకున్నవాడు లేడు. నలభై ఏళ్లు గడిచాయి. ఇప్పుడు దాన్ని గ్లౌజులు తొడుక్కుని ముట్టుకుంటున్నారు!

ఎందుకంటారా? సైనికుల జ్ఞాపకాల పుస్తకాలు సేకరించే పెద్దమనుషులు బయలుదేరారు. ఫస్ట్ ఎడిషనే కావాలి. మా వీధి చివర పళ్ల డాక్టరుగారి దగ్గర అలాంటివి మూడు బీరువాలున్నాయి. వాటికి ఏసీ గది. పళ్లు పీకించుకునేవాళ్లకు ఫ్యాను.

మొదటి ముద్రణను గుర్తుపట్టడం ఎలా? తప్పును బట్టి. రెండోసారి దిద్దేస్తారు కదా. ఒకాయన "శత్రువుతో మూడు రోజులు పోరాడాను" అని రాసుకుంటే "పారాడాను" అని పడిందట. ఆ పుస్తకం కోసం ముగ్గురు కొట్టుకుంటున్నారు. పారాడిన మాటే నిజమని ఆయన తోటి సైనికుల సాక్ష్యం. ఇంకో పుస్తకానికి తూటా దిగిందని పేరు. ఆ తూటా అట్ట దగ్గర దూరి, నడిమి పేజీల్లో నాలుగు మలుపులు తిరిగింది. చెదపురుగుకు ఇంత గౌరవం ఇంకెక్కడ దక్కుతుంది?

నా తప్పు నలభై ఒకటో పేజీలో ఉంది. "వాగు దాటుతుండగా అన్నను పోగొట్టుకున్నాను. తర్వాత రెండు రోజులు ముద్ద ముట్టలేదు" అని రాశాను. ఒకే పటాలంలో ఉన్నాం మేమిద్దరం. అక్షరాలు పేర్చిన మనిషి చేతికి 'ను' బదులు 'ము' వచ్చింది. "అన్నము పోగొట్టుకున్నాను" అని పడింది. పక్క వాక్యం దానికి అతికినట్టు సరిపోయింది. ఇక ప్రూఫు చూసినవాడికి అనుమానం ఎందుకొస్తుంది? ఆ ఒక్క అక్షరం కోసం అప్పు చేసి రెండో అచ్చు వేయించాను.

"యుద్ధంలో ఆకలి గురించి ఇంత క్లుప్తంగా ఎవరూ రాయలేదండీ" అన్నారు డాక్టరుగారు.

"అది అన్నం కాదండీ. మా అన్న."

"తెలుసు తాతగారూ. అందుకేగా దానికంత విలువ."

ఆలోచించండి. సరిగ్గా పడి ఉంటే ఆ వాక్యాన్ని ఎవరు పట్టించుకునేవారు? ఒక్క 'ము' పుణ్యమా అని ఏసీలో ఉంది. పటాలంలో మా అన్నకు దోమతెర కూడా ఇవ్వలేదు.

ఆ పేజీ తెరిచి, అద్దాల పెట్టెలో పెట్టి, లైబ్రరీ హాల్లో ప్రదర్శిస్తామన్నారు. ఇన్నేళ్లూ ఆ పుస్తకం ముట్టనని భీష్మించుకున్న మా వదిన, ఈసారి వస్తానంది.

"మీ అన్నయ్య గురించి ఏం రాశావో ఒక్కసారి చదువుకుంటానయ్యా. ఈ కళ్లు కాస్త కనబడుతుండగానే" అంది.

ఆవిడకు అచ్చుతప్పు సంగతి తెలియదు. పెన్ను జేబులో పెట్టుకుని డాక్టరుగారింటికి వెళ్లాను.

"ఒక్క అక్షరం దిద్దుకుంటానండీ. నేను రాసిందేగా."

ఆయన నాకూ బీరువాకూ మధ్య నిలబడ్డారు. "పెన్ను లోపల పెట్టండి తాతగారూ. పుస్తకం పాడైపోతుంది."

"పోనీ, వేరే పేజీ తెరిచి పెట్టండి."

"ఆ పేజీ కాకపోతే ఇందులో ఇంకేముందండీ?"

నిజమే. నేనూ ఆ పేజీ కోసమే రాశాను.

ప్రదర్శన రోజు అద్దాల పెట్టె చుట్టూ జనం. ముసిముసి నవ్వులు. "పాపం, క్యారేజీ వాగులో వదిలేసుకున్నాడు" అన్నాడొకడు. మా వదిన కళ్లజోడు తుడుచుకుంది. అద్దానికి ముక్కు ఆనించి, ఆ వరుస వెంబడి వేలు నడుపుతూ రెండుసార్లు చదివింది.

"ఇందులో ఆయన లేడేమయ్యా?"

"రెండో అచ్చులో ఉన్నాడు వదినా."

"మరి అదేదీ?"

నా దగ్గరున్న ఒక్కటీ ఎప్పుడో వానకు తడిసి ముద్దయింది. డాక్టరుగారి వైపు చూశాను. ఆయన మంచివారు. ముందు ఆవిడకు కుర్చీ తెచ్చి వేశారు. తర్వాత గొంతు తగ్గించి చెప్పారు.

"అందులో తప్పేమీ లేదు కదమ్మా. ఎవరూ దాచుకోలేదు."