లేచి కూర్చున్న సవతి

భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ నడిపే అప్పాజీకి ఇంట్లో రెండే భయాలు. ఒకటి భార్య సూర్యకళ కోపం. రెండోది ఆవిడ శాంతం.

టీవీ కింద ఉన్న నల్ల డబ్బాను ఆయనే ముచ్చటపడి కొన్నాడు. ఇంట్లో అందరి ఫోన్లలోని ఫొటోలూ, వీడియోలూ వైఫై మీదుగా వాటంతటవే వచ్చి అందులో చేరిపోతాయి. కావాలంటే టీవీలో చూసుకోవచ్చు. ఆయన రోజూ దాన్ని తుడిచి ముద్దు చేయడం చూడలేక సూర్యకళ దానికి ‘మా సవతి’ అని పేరు పెట్టింది.

ఆ ‘వాటంతటవే’తోనే వచ్చింది చిక్కు. పోయిన ఆదివారం మొగల్తూరులో పరామర్శ ఉందని చెప్పి అప్పాజీ స్నేహితులతో యానాం వెళ్లొచ్చాడు. అక్కడ నెత్తిమీద సీసా పెట్టుకుని ఆడిన డాన్సు వీడియో, ఇంటికొచ్చి చొక్కా మార్చుకునేలోపే సవతి కడుపులో పడింది. ఫోన్లో చెరిపేశాడు గానీ డబ్బాలోంచి చెరపడం ఆయనకు చేతకాలేదు. దాన్ని బిగించిన గణేష్‌బాబును అడుగుదామంటే, అతను సూర్యకళకు తమ్ముడి వరస.

శనివారం పొద్దున్నే ఆవిడ బాంబు పేల్చింది.

“సాయంత్రం చెల్లి ఉషారాణి వస్తోందండి. వాళ్లమ్మాయి అశ్విని పెళ్లికి అమ్మ పాటలు కావాలంట. టీవీలో పెట్టుకుని చూద్దాం.”

అత్తగారు అచ్చాయమ్మ పోయి ఏడాది దాటింది. ఆవిడ పాడిన పెళ్లిపాటలు ఆ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేవు. అయినా అప్పాజీకి ప్రాణభయం ముందు పాటలెంత? సూర్యకళ వంటింట్లోకి వెళ్లగానే డబ్బాలో ఫొటోలన్నీ దాచుకునే డిస్కు ట్రేని కాస్త బయటికి లాగాడు. అది చాలదేమోనని, డబ్బా అడాప్టరు తీసేసి మూలనున్న పాత సెట్‌టాప్ బాక్సు అడాప్టరు తగిలించాడు. ఎర్ర లైటు వెలిగి అలాగే ఉండిపోయింది.

“సూర్యా! నీ సవతి పోయింది!”

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. లైటు వంక ఒకసారి, మొగుడి మొహం వంక ఇంకాస్త ఎక్కువసేపు చూసింది.

“పోతే పోయిందిలెండి. ఒకందుకు మంచిదే.”

“మంచిదా?”

“దాంట్లో ఉన్నవన్నీ అందరూ చూడాలనేముందండీ?” అని కూనిరాగం తీసుకుంటూ వెళ్లిపోయింది.

అప్పాజీకి చురుక్కుమంది. తల్లి పాటలు పోతే ఏడవాల్సిన మనిషి పాటెందుకు పాడుతోంది? పైగా అడక్కుండానే రెండో కాఫీ తెచ్చిచ్చింది. పెళ్లయ్యాక అడక్కుండా రెండో కాఫీ రావడం అదే మొదలు.

“నీ ఫోన్లోంచి దాంట్లోకి ఏం వెళ్లాయేంటి?”

“ఆడవాళ్ల ఫోన్లో ఏముంటాయండీ! పాతసామాన్లవాడు వీధి చివర కేకేస్తున్నాడు. ఇచ్చేద్దామా?”

అంత తొందరెందుకు? పోయిన నెల పక్కింటి లావణ్యతో రాజమండ్రి వెళ్లింది. చీరలకన్నది. చీర ఒక్కటీ ఇంటికి రాలేదు! అనుమానం పులిసిన అట్లపిండిలా పొంగింది.

పాతసామాన్లవాణ్ని తానే గుమ్మంలోంచి తరిమేశాడు. ఆవిడ గుట్టు చూసి, గణేష్‌బాబు కాళ్లు పట్టుకునైనా తనది చెరిపించి, ఆ తర్వాత డబ్బాను మళ్లీ చంపేద్దామనుకున్నాడు. ట్రేని లోపలికి తోశాడు. అడాప్టరు పీకేసి, కింద ఒకేలా ఉన్న రెండు నల్ల అడాప్టర్లలో ఒకటి తగిలించాడు. మళ్లీ ఎర్ర లైటే.

ఈసారి నిజంగానే చెమట పట్టింది. ప్లగ్గు మార్చాడు. సూర్యకళ తలపిన్ను తెచ్చి రీసెట్ కన్నంలో పొడిచాడు. ఉఫ్‌మని ఊదాడు. చివరికి ఒక మొట్టికాయ వేశాడు. అత్తగారి గొంతును తన చేతుల్తో తనే నొక్కేశానా అనుకున్నాడు. సాయంత్రమయ్యేసరికి ఇక లాభం లేదని పెరట్లోకెళ్లి గణేష్‌బాబుకు ఫోన్ చేశాడు.

“బావగారూ, కంగారు పడకండి. వైర్లన్నీ పీకేసి, ట్రేని పూర్తిగా బయటికి లాగి, టక్కుమనేదాకా లోపలికి నెట్టండి. ఇంతకీ అడాప్టరు దాందేనా?”

కాదు. కంగారులో మళ్లీ సెట్‌టాప్ బాక్సుదే తగిలించాడు. సరైంది పెట్టి, ట్రేని టక్కుమనిపించాడు. లోపల ఫ్యాను తిరిగింది. బీప్‌మంది. ఎర్ర లైటు పోయి నీలం వచ్చింది.

“లేచిందా?” అని వెనక నుంచి వినపడింది. సూర్యకళ, పక్కనే ఉషారాణి. సూర్యకళ చేతిలో రిమోటు.

టీవీలో ముందుగా వచ్చేవి కొత్తగా చేరినవే. నెత్తిన సీసాతో అప్పాజీ గోడంత ఎత్తున ప్రత్యక్షమయ్యాడు.

“మొగల్తూరులో పరామర్శ ఇలా చేస్తారా బావగారూ?” అంది ఉషారాణి.

సూర్యకళ రిమోటుతో కిందికి జరిపింది. అచ్చాయమ్మ వచ్చింది. పీటమీద కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతూ పాట అందుకుని, మధ్యలో ఆపి, “అల్లుడుగారూ, మీరు నవ్వకండి, ఫోను ఊగిపోతోంది” అంది. ఆ వీడియో తీసింది తానేనన్న సంగతి అప్పాజీ మర్చేపోయాడు. అక్కచెల్లెళ్లు నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

పాట అయ్యాక ఆయన నెమ్మదిగా అడిగాడు.

“మరి నీది ఏముందే అందులో?”

“ఏమీ లేదండి.”

“రాజమండ్రి?”

“చీర నచ్చలేదండి. చెల్లి వస్తోందన్న పూటే డబ్బా పోయిందంటే పోగొట్టిందెవరో నాకు తెలీదా? బతిమాలితే మీరు బాగుచెయ్యరు. అనుమానమొస్తే ఆగరు.” ఆవిడ లేచి వంటింటివైపు నడుస్తూ అంది: “మిక్సీ కూడా తిరగట్లేదు. ఎందుకు తిరగట్లేదో మీకు మాత్రం చెప్పను.”

అప్పాజీ స్క్రూడ్రైవరు పట్టుకుని ఆవిడ వెనకే వెళ్లాడు.