నాన్న ముందు తినాలి

అనుపమకు రెండున్నరేళ్లు. దొడ్డికి పాటీ మీద కూర్చోవడం నేర్పుతున్న రోజులు. కిందటి వారం ఒకసారి విరేచనం గట్టిగా వచ్చి నొప్పి పెట్టింది. అప్పటినుంచి ఆ ఎర్ర పాటీ కంటపడితే చాలు, కాళ్లు బిగించుకుని మంచం కిందికి దూరిపోతోంది. పాప దొడ్డికెళ్లి అప్పటికి నాలుగు రోజులైంది.

తల్లి కుమారి బొల్లారంలో టీచరు. ఆ ఉదయం ఆమెకు పరీక్షల డ్యూటీ పడింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే తండ్రి రమణబాబు మధ్యాహ్నం దాకా సెలవు పెట్టాడు. చెప్పులు వేసుకుంటూనే కుమారి ప్లానంతా అప్పజెప్పింది.

"టిఫినయ్యాక బొప్పాయి పెట్టండి. ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్లు పట్టించండి. తర్వాత ఐదు నిమిషాలు పాటీ మీద కూర్చోబెట్టండి. పాదాల కింద పీట ఉండాలి. వచ్చిందా వచ్చిందా అని అడక్కండి. ఎదురుగా నిలబడొద్దని డాక్టర్ ఆర్థర్ గారు మరీ మరీ చెప్పారు."

"ఇదేటి పెద్ద పనా? నేను చూసుకుంటాన్లే, నువ్వెళ్లు."

బొప్పాయి ముక్క నోటి దగ్గరికి తీసుకెళ్లగానే అనుపమ పెదాలు బిగించింది. "నాన్న ముందు తినాలి."

నాన్న తిన్నాడు. అనుపమ ఓ చిన్న ముక్క కొరికింది. నాన్న ఇంకోటి తిన్నాడు. పళ్లెం ఖాళీ అయ్యేసరికి కూతురి కడుపులోకి నాలుగు ముక్కలు, తండ్రి కడుపులోకి ముప్పాతిక పండు చేరాయి. ద్రాక్ష నీళ్ల సంగతీ అంతే అయింది. ఇంతలో కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు దేవమ్మ గిన్నెతో పైకొచ్చింది.

"పోరి ఇంక దొడ్డికి పోలేదంట గదా? అంజీర్ నానబెట్టి తెచ్చిన. జెర తినిపియ్యి."

అనుపమ ఒకటి తిన్నది. నాన్న ఎనిమిది తిన్నాడు.

పది కావస్తుండగా ఫోన్ మోగింది. మేనేజరు వేణుమాధవ్. "సింగపూర్ వాళ్లు లైన్లోకొస్తున్నారు. పేరోల్ రిపోర్టు ఎందుకు రావట్లేదో నువ్వే చెప్పాలి. హోల్డ్‌లో ఉండు."

రమణబాబు స్పీకర్ నొక్కి ఫోన్ బల్ల మీద పెట్టాడు. సరిగ్గా అప్పుడే అతని కడుపులో ఏదో దొర్లింది. "దేవమ్మగారూ, పాపని చూస్తుండండి!" అంటూ బాత్రూమ్‌లోకి పరుగెత్తి గడియ పెట్టుకున్నాడు.

పని ముగిశాక గడియ లాగితే కదల్లేదు. ముసురుకు తలుపు ఉబ్బి, గడియ బిగుసుకుపోయింది. రెండు చేతులతో లాగాడు, మూలిగాడు.

"ఏమైంది బాబూ?" బయటినుంచి దేవమ్మ.

"రావట్లేదండీ!"

"అయ్యో, నీకు సుత రాట్లేదా? తొందరపడకు. కడుపు మీద మెల్లగ రుద్దుకో."

"అది కాదండీ! గడియ! గడియ రావట్లేదు!"

"గడియ సేపయితే ఏందీ, నిమ్మళంగ కూసో. నీళ్లు తాగుతవా?"

రమణబాబు తలుపు దబదబా బాదాడు. అప్పటికిగానీ దేవమ్మకు సంగతి తెలియలేదు. వెంటనే బాల్కనీలోంచి వంగి, వీధి మలుపులో ఉండే బ్రహ్మచారి అనే వడ్రంగిని కేకేసింది. అతను ఉలి, సుత్తి పట్టుకుని రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు.

"పక్కకు జరుగు సారూ, కొడుతున్నా!"

నాలుగు దెబ్బలకు తలుపు రెండు చెక్కలైంది. చెమటలు కక్కుతూ బయటపడ్డ రమణబాబు ముందుగా కూతురి కోసం చూశాడు. పాప దేవమ్మ పక్కన లేదు.

అందరి వీపుల వెనక, హాలు మూలన, అనుపమ ఎర్ర పాటీ మీద కూర్చుని ఉంది. పీట తనే లాక్కుని పాదాల కింద పెట్టుకుంది. ఈ నాలుగు రోజుల్లో ఆమెను ఎవరూ పట్టించుకోని పావుగంట అదొక్కటే.

"నాన్నా, కక్క అయిపోయింది. నొప్పి లేదు."

రమణబాబు కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవమ్మ చప్పట్లు కొట్టింది. "వచ్చింది! వచ్చింది!"

"వచ్చిందా?" బల్ల మీంచి వేణుమాధవ్ గొంతు ఎగిరి గంతేసింది. "పూర్తిగా వచ్చిందా?"

దేవమ్మ ఫోన్ మీదికి వంగింది. "మొత్తం వచ్చింది సారూ. జెర లేటయింది గానీ, ఇగ పరేషాన్ లేదు."

రేపు పొద్దున్నకల్లా రిపోర్టు చేతికందుతుందని వేణుమాధవ్ సింగపూర్‌కు ఇంగ్లీషులో మాటిచ్చేశాడు. రమణబాబు నోరు తెరిచేలోపు లైన్ కట్టయింది.

సాయంత్రం ఇంటికొచ్చిన కుమారి పాటీని చూసి మురిసిపోయింది, బాత్రూమ్ వైపు చూసి నిర్ఘాంతపోయింది. ఉన్న ఒక్క బాత్రూమ్‌కూ కొత్త తలుపు చేయడానికి వారం పడుతుందన్నాడు బ్రహ్మచారి. అక్కడో దుప్పటి కట్టారు. అనుపమకు అది మంచి ఆటయింది. నాన్న లోపలికెళ్లినప్పుడల్లా దుప్పటి ఎత్తి, "నాన్నా, వచ్చిందా?" అని అడిగేది. ఎవరైనా చూస్తుంటే ఎందుకు రాదో రమణబాబుకు బాగా అర్థమైంది.

మర్నాటి నుంచి అతను, తలుపున్న బాత్రూమ్ కోసం, అందరికన్నా రెండు గంటలు ముందే ఆఫీసుకు వెళ్లసాగాడు. చేతిలో ఎలాగూ టైముంది కాబట్టి మొదటి రోజే రిపోర్టు కూడా పూర్తయింది. ఆ అంకితభావానికి ముచ్చటపడ్డ వేణుమాధవ్, ఇకమీదట టీము మొత్తం అదే టైముకు రావాలని మెయిల్ పెట్టాడు.