కోటవీధి కొళాయి వార్త

సాయంత్రం ఆరు గంటలకు జరగబోయే ప్రారంభోత్సవం గురించి శుక్రవారం పొద్దున ఎనిమిదింటికే రంగనాథం వార్త రాసి ముగించాడు. అందులో ఆయనకు తప్పేమీ కనబడలేదు. గుండ్లకోటలో ఒక దినపత్రికకు ఆయన ఇరవై రెండేళ్లుగా విలేకరి. జిల్లా పేజీ నాలుగింటికల్లా మూసేస్తారు. మునిసిపాలిటీ వాళ్లేమో ఆరు దాటనిదే ఏ రిబ్బనూ కత్తిరించరు. అందుకని ఆ ఊళ్లో జరిగేవన్నీ ముందు రంగనాథం ఫోనులో జరిగి, ఆ తర్వాత బయట జరిగేవి. పైగా ఆ రోజు భార్య చౌడేశ్వరమ్మతో పుత్తూరులో సీమంతానికి పోవాలి.

"పొద్దు గూకినాక జరిగేదాన్ని ఇప్పుడే రాస్తే ఎట్లయ్యా?" అని అడిగింది చౌడేశ్వరమ్మ, పూలు తురుముకుంటూ.

"కొళాయి తిప్పుతారు, నీళ్లొస్తాయి. దాంట్లో సూసేదానికి ఏముండాది?" అన్నాడాయన.

పాత కోట గోడ వెనకాల ఉన్న కోటవీధికి మంచినీళ్ల కొళాయి రావడం చిన్న విషయం కాదు. ఛైర్‌పర్సన్ ప్రసన్నకుమారి కొళాయి తిప్పారని, నీళ్లు ఉవ్వెత్తున ఎగసిపడ్డాయని, మహిళలు హర్షం వ్యక్తం చేశారని రాశాడు. ఇంకా ఒక వాక్యానికి చోటు మిగిలింది. ప్రతిపక్ష కౌన్సిలర్ యోగానంద సైతం ఆమె కృషిని కొనియాడారని చేర్చి, వార్త పంపించేసి బస్సెక్కాడు. సీమంతం సందడిలో ఫోను చౌడేశ్వరమ్మ సంచిలోనే ఉండిపోయింది.

శనివారం పొద్దున తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు ఖాళీ బిందెలతో పదిహేను మంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు కోటవీధి నాగులమ్మ. ఆమె చేతిలో బిందెతో పాటు పేపరు కూడా ఉంది.

"ఏమప్పా రంగనాథం, ఉవ్వెత్తున వచ్చిన నీళ్లు యాడుండాయి?"

"యాడుండాయి అంటే... కొళాయిలో ఉండవా?"

"మోటారు కాలిపోయిందని నిన్న మధ్యాన్నమే పంపు రూముకు తాళమేసుకోని పోయినారు. ఛైర్‌పర్సనూ రాలేదు, రిబ్బనూ కట్టలేదు. మేము హర్షం మాత్రం పడినామంట. మాకు తెలీకుండా యాడ పడినామప్పా?"

రాని ముఖ్య అతిథి చేత వార్తలో గంటసేపు ప్రసంగం చేయించినందుకు పత్రిక ఆఫీసు వాళ్లు రెండు నెలల కిందటే రంగనాథాన్ని పిలిచి, ఇంకొక్క తప్పు వార్త వస్తే విలేకరి కార్డు వెనక్కి ఇచ్చెయ్యాలని చెప్పారు. ఆ కార్డు జేబులో ఉన్నంతసేపే ఆయన గుండ్లకోటలో విలేకరి రంగనాథం. అది పోతే ఊళ్లో మిగతా నలుగురు రంగనాథాలతో పాటు ఇంకొకడు.

పరుగు లాంటి నడకతో మునిసిపాలిటీ ఆఫీసుకు పోయాడు. ప్రసన్నకుమారి పేపరు టేబులు మీద పరిచి నవ్వుతూ కూర్చుని ఉంది.

"మేడం, పొరపాటు జరిగింది. సవరణ వేయిస్తే నా కార్డు పోతాది. మీరే ఏదో ఒక దావ చూపించాల."

"సవరణ ఎందుకప్పా? జిల్లా ఆఫీసు నుంచి శభాష్ అని ఫోనొచ్చింది. సరే సార్ అని చెప్పేసినా. పేపర్లో వచ్చినాక జరిగినట్టే."

ఆ మాట పూర్తి కాకముందే యోగానంద లోపలికి వచ్చాడు. ఈమెను ఎందుకు పొగిడావని పొద్దున్నుంచీ ఆయన పార్టీ పెద్దలు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారట. ఆయన ముఖం కందగడ్డలా ఉంది.

"నేను నిన్నంతా మా బావమరిది గృహప్రవేశంలో ఉండా. ఆడ వడ్డిస్తా ఉండా. ఈడ పొగిడింది ఎవరు?" అని ఛైర్‌పర్సన్ వైపు తిరిగాడు. "నీళ్లొచ్చినాయని కాణిపాకంలో ప్రమాణం చేస్తావా మేడం?"

ఆ చుట్టుపక్కల మనిషి అవసరం పడితే ఎక్కడైనా ఒక అబద్ధం చెబుతాడు గానీ, వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి చెప్పడు. ప్రసన్నకుమారి తడబడలేదు.

"నేనెందుకు చేయాల? కళ్లారా సూసి రాసిన మనిషి ఈడనే ఉండాడు. ఆయన చేస్తాడు."

"సోమవారం పదకొండు గంటలకు," అన్నాడు యోగానంద. రంగనాథం నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. రాకపోవడాన్ని వాళ్లిద్దరూ ఒప్పుకోవడం కింద లెక్కేశారు. ఆయన ఇల్లు చేరేలోపు ఊరి వాట్సాప్ గ్రూపులో ప్రమాణం తేదీ, సమయం వచ్చేశాయి.

ఆ రాత్రి కంచం పక్కకు జరిపేశాడు. నిజం చెబితే కార్డు పోతుంది, అబద్ధపు ప్రమాణం చేస్తే ఏం పోతుందో ఆయనకు ఊహించడానికే భయం వేసింది. ఆదివారం పొద్దున లేచి, మునిసిపాలిటీ మోటార్లు బాగుచేసే మునిచంద్ర ఇంటికి పోయాడు.

"బుధవారం దాకా కుదరదన్నా. మోటారు వైండింగు మొత్తం పోయింది," అన్నాడు మునిచంద్ర.

"రేపు పొద్దున ఏడుకు నీళ్లు రావాల. లేకుంటే నేను లేను."

మునిచంద్ర ఆయన ముఖం చూసి షాపు తాళంచెవి తీసుకున్నాడు. రంగనాథం సాయంత్రం దాకా షాపులో ఆ మోటారు పక్కనే, ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"పదకొండు లోపల నీళ్లొస్తే, నీళ్లొచ్చినాయని చెప్పడం నిజమే కదా. ఏ రోజు వచ్చినాయని దేవుడు అడగడు," అన్నాడు రాత్రి ఇంటికొచ్చి భార్యతో.

"అడిగితే?" అంది చౌడేశ్వరమ్మ.

రంగనాథం కబురు పెట్టడంతో సోమవారం ఏడింటికి ప్రసన్నకుమారి పట్టుచీరలో వచ్చి కొళాయి తిప్పింది. ముందు గాలి వచ్చింది. తర్వాత ఎర్రటి బురద వచ్చింది. రంగనాథం కళ్లు మూసుకున్నాడు. ఆ పైన పైపు ఒక్కసారి దగ్గి, నీళ్లు నిజంగానే ఉవ్వెత్తున ఎగసి ఆమె పట్టుచీరను నిలువునా తడిపేశాయి. ఆడవాళ్లు విరగబడి నవ్వారు. అంతకంటే హర్షం ఏ వార్తలోనూ ఉండదు. మోసం బయటపెడదామని వచ్చిన యోగానంద కూడా గుంపులోనే ఉన్నాడు. ఆయనదీ కోటవీధే. మొదటి బిందె పట్టుకుని పోతున్నది ఆయన భార్యే.

"పోనీలే మేడం, మంచి పనే చేసినావు," అనేశాడు ఆయన, పక్కన ఎవరున్నారో చూసుకోకుండా.

రంగనాథానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు రోజులు ఆలస్యమైతేనేం, రాసిన ప్రతి అక్షరం నిజమైంది. ఐరాల మీదుగా పోయే బస్సులో కూర్చుని, ఎన్నాళ్లకో హాయిగా, ఫోనులో ఏదో టైపు చేసుకుంటూ కాణిపాకం చేరాడు. చౌడేశ్వరమ్మ కొబ్బరికాయతో పక్కనే ఉంది.

గుడి దగ్గర ప్రసన్నకుమారి, యోగానంద ఒకే కారులోంచి దిగారు.

"ప్రమాణం గిమాణం ఏమీ వద్దప్పా," అంది ఆమె. "నీళ్లొచ్చినాయి కదా. మా ఇద్దరి కృషి అని రాసెయ్."

"నా పేరు ముందు రాయి," అన్నాడు యోగానంద. ఇద్దరూ దర్శనానికి వెళ్లిపోయారు.

చౌడేశ్వరమ్మ దేవుడికి అక్కడి నుంచే దండం పెట్టి భర్త వైపు చూసింది. ఆయన కదలకుండా ఫోను వైపే చూస్తున్నాడు.

"పీడ వదిలింది కదయ్యా. ఇంకేమి?"

"బస్సులోనే వార్త పంపించేసినా."

"ఏమని?"

"నీళ్లొచ్చిన మాట నిజమని, పదకొండు గంటలకు స్వామి ముందర నేను తడిగుడ్డలతో ప్రమాణం చేసినానని." ఫోను ఆమె ముందు పెట్టాడు. బాగుంది, మొదటి పేజీకి తీసుకున్నాం, వెబ్‌సైట్లో ఇప్పుడే పెట్టేశాం అని పత్రిక ఆఫీసు నుంచి సందేశం వచ్చి ఉంది.

చౌడేశ్వరమ్మ సంచిలోంచి తువ్వాలు తీసి చేతిలో పెట్టింది.

"పది నలభై అయింది. పో, నెత్తిన నీళ్లు పోసుకోని రా. జరగనిది ఇంక రాయనని కూడా ఆడనే ఇంకొక ప్రమాణం చెయ్."

"అది మాత్రం వార్తలో లేదే," అన్నాడు రంగనాథం తువ్వాలు భుజాన వేసుకుంటూ.

అడిగినవాళ్లు లేకపోయినా, తడిగుడ్డలతో, భయంతో, సరిగ్గా పదకొండింటికి ఆయన స్వామి ముందు నిలబడ్డాడు. తను రాసిన వార్త జరిగే చోటికి రంగనాథం వేళకు చేరుకోవడం ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి.