కంప్యూటర్‌కు వేగం నేర్పిన విధం

మనిషి ఎండకు ఓర్చుకుంటడు, ఆకలికి ఓర్చుకుంటడు. సర్కారు మాత్రం ఆలస్యానికి ఓర్చుకోదు. (ఈ సంగతి ఆఫీసు వరండాల కూసున్నోళ్లకు ఇంకా తెల్వదు.)

ఎనభై ఎనిమిదిల మా మండలాఫీసుకు కంప్యూటర్ వచ్చింది. దాని కడుపుల మూడు పట్టికలు: ఒకదాంట్ల రైతులు, ఒకదాంట్ల భూములు, ఒకదాంట్ల విత్తనాలు. ఎవరన్న పెసరిత్తనాలు అడిగితే మూడింటిని జోడించి ఇయ్యాల్నా వద్దా చెప్తది. అది చెప్పేలోపల గుమాస్తా రామ్మోహన్ చాయ్ తాగొచ్చి, ఇంకో చాయ్‌కు పోయేటోడు.

ఇది సర్కారుకు తలవంపులని ఎంచి, ఆయనకు 'పట్టికల వేగవృద్ధి అధికారి' హోదా ఇచ్చి జనగామకు ట్రైనింగుకు పంపిండ్రు. తిరిగొచ్చినంక ఆయన నడకే మారింది.

"అన్ని పేర్లు మొదటికెల్లి చదువుడేంది, సార్? సర్వే నెంబర్లకు సూచిక కట్టాలె. నెంబరు కొడితే సీదా ఆ రైతు కాడ్నే ఆగుతది."

కట్టిండు. ఆగింది. ఆఫీసర్ దామోదర్ సారు సంతోషం పట్టలేక ఫ్యాను జర పెంచిండు.

గంతల తండా నుంచి రుక్కి వచ్చింది. మిర్గం కార్తె వాన పడ్డది, అడివి కొట్టి దున్నిన పోడు చేను పదును ఆరిపోతున్నది. విత్తనాల చిట్టీ కావాలె.

"సర్వే నెంబరు?" అన్నడు రామ్మోహన్.

"పోడు చేనుకు నెంబరెక్కడిది, అన్నా? పేరు చూడు. నిరుడు నా మొఖం చూసే చిట్టీ రాసిండ్రు."

పేరు కొట్టిండు. సూచికల దొరక్క యంత్రం మండలమంత ఇల్లిల్లు తిరగబట్టింది.

వెనక లైన్ల ఉన్న హన్మంత్ పటేల్ నవ్విండు. "రుక్కీ, ఇత్తనాలు అడిగినవా, పెండ్లి సంబంధం అడిగినవా? గింతసేపు ఎతుకుతున్నది!"

"నీకు నెంబరున్నది పటేలా, గందుకే పరాచికాలు."

సగటు వేగం పడిపోయింది. దామోదర్ సారు నిమ్మళంగ అడిగిండు: "ఎవరి వల్ల లేటైతున్నది?"

"నెంబరు లేనోళ్ల వల్ల, సార్."

"అంటే?"

"తండాలన్నీ."

"తీసెయ్."

(గిది ట్రైనింగుల చెప్పలేదు. ఆఫీసర్లకు సొంతంగ వచ్చే విద్య.)

రాత్రికి రాత్రి రామ్మోహన్ తండాలను తీసేసి, మిగిలిన పేర్లకు గూడ సూచిక కట్టిండు. తెల్లారి రుక్కి మళ్ల వచ్చింది. పేరు కొట్టి వేలు తియ్యకముందే తెర మీద 'లేదు' అని పడ్డది.

"గింత జల్ది ఎట్ల చూసినవ్, అన్నా?"

"ట్రైనింగు, అక్కా," అన్నడు రామ్మోహన్, తెర మీదికెల్లి చూపు తియ్యకుంట.

ఆ కార్తె ఎల్లినంక జిల్లాకు నివేదిక పోయింది: మండలంల విత్తనాలు మిగిలినయి, ఆలస్యం మిగల్లేదు.