నాయనమ్మతో ఈస్టర్ యాత్ర

విదేశంలో చదివే పిల్లలు ఇంటికి ఫోన్ చేసి ఏమేం చెబుతారో, అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చినప్పుడు ఆ ఊళ్లో అచ్చంగా అవే ఉండేలా చూసే బాధ్యత వెల్డెన్‌బ్రూక్ పట్టణంలో ఫోన్ మాటల అమలు శాఖది. ఈస్టర్ సెలవుల్లో ఆ శాఖకు ఊపిరాడదు. అమ్మానాన్నలు ఎక్కువగా అప్పుడే వస్తారు, పిల్లలేమో ఏడాది పొడుగునా నోటికొచ్చింది చెప్పి ఉంటారు.

బాపట్ల నుంచి వచ్చి అక్కడ చదువుకుంటున్న కెజియా కూడా తక్కువేం చెప్పలేదు. "చలా? అబ్బే, చలేం లేదే అమ్మా" అంది. అందుకని ఊరంతటికీ ఉక్కపోత ఏర్పాటు చేశారు. ఊళ్లోవాళ్లు కోట్లు విప్పి భుజాన వేసుకుని, ఎవరి అమ్మానాన్నలో దిగినట్టున్నారని సర్దుకుపోయారు. "కొండా, సముద్రం, రాజుగారి కోటా అన్నీ పక్కపక్కనే నాన్నా, ఒక్క బస్సెక్కితే చాలు" అంది. కొండను గూడ్సు బండి మీద తెచ్చి బజారు వెనకాల దింపారు. సముద్రానికి మాత్రం టైం పడుతుందన్నారు, ఆదివారానికి గాని రాదట. నేలమాళిగలో ఉండే ఆమె గదికి ఎండ పడే కిటికీ బిగించారు. బాగా తింటున్నానని చెప్పుకున్నందుకు ఆమెకు పీక్కుపోయిన బుగ్గలు కూడా నింపి స్టేషనుకు పంపారు.

ఇంత చేసినా వాళ్లమ్మ మార్తమ్మ రైల్వే స్టేషన్లో దిగీ దిగగానే, "ఏంటే, ఇట్టా చిక్కిపోయావ్!" అంది. ఈ ఒక్క మాటకు విరుగుడు శాఖకు ఇంతవరకు దొరకలేదు.

నియమం రెండు వైపులా వర్తిస్తుంది. అటు నుంచి అమ్మానాన్నలు ఏం చెప్పారో అదీ అమలు కావాల్సిందే. కెజియా తండ్రి ఆశీర్వాదం బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. "బీపీనా? నాకెందుకుంటదమ్మా" అని ఫోన్లో అన్నాడు కాబట్టి మెట్లన్నీ గబగబా ఎక్కేస్తున్నాడు. "మేమిద్దరం అసలు పోట్లాడుకోట్లేదు" అని మార్తమ్మ చెప్పింది కాబట్టి, ఆయన బస్సు టికెట్లు ఎక్కడో పారేసుకున్నప్పుడు ఆమె నోటివెంట "ఫర్లేదులెండి" అని వచ్చింది. ఆ మాట విని ఇద్దరూ హడలిపోయారు.

వాళ్లతోపాటు నాయనమ్మ శాంతమ్మ కూడా వచ్చింది, నిద్రపోతూ. క్రిస్మస్ దాటినప్పటి నుంచి కెజియా ఎప్పుడు ఫోన్ చేసి నాయనమ్మకివ్వమన్నా, "బాగానే ఉందమ్మా, ఇప్పుడే పడుకుంది" అనేవాళ్లు. కాబట్టి ఆమె బాగానే ఉంది, తలకు నూనె రాసి జడేసి ఉంది, చక్రాల కుర్చీలో హాయిగా నిద్రపోతోంది. విమానంలో అలాగే వచ్చింది. కొండ మీదికి అలాగే వెళ్లింది. కోటలో రాజుగారి మంచం పక్కన కుర్చీ ఆపితే, అక్కడి గైడు గొంతు తగ్గించి మరీ వివరాలు చెప్పాడు.

కెజియాను పెంచింది నాయనమ్మే. ఆమె కళ్లు తెరిచి ఒక్కసారి "ఒసే కెజ్జీ" అంటే చాలు, ఇంకే యాత్రా అక్కర్లేదనుకుంది పిల్ల. కాఫీ కాచి ముక్కు దగ్గర పెట్టింది. చెవిలో కీర్తన పాడింది. కొండ మీద ఐస్‌క్రీము పెదాలకు రాసింది. ముసలావిడ చప్పరించింది కానీ కళ్లు తెరవలేదు.

"పడుకోనీవే, ప్రయాణం బడలిక" అంది మార్తమ్మ కంగారుగా.

"మూడు రోజులైందిగా అమ్మా!"

"పెద్ద ప్రాణం కదమ్మా, అట్టాగే ఉంటది" అని ఆశీర్వాదం కోట గోడకేసి చూశాడు.

దారిలో కెజియా ప్రొఫెసరు ఎదురయ్యాడు. "మా ప్రొఫెసరుగారికి నేనంటే ప్రాణం" అని ఆమె ఎన్నడో అని ఉండటంతో, పాపం ఆయన సెలవు మానుకుని బస్టాపులో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకోవాల్సి వచ్చింది. మార్తమ్మ ఆయన చేతిలో గోంగూర పచ్చడి సీసా పెట్టింది. ఆయన నియమం ప్రకారం అక్కడే వేలితో తీసుకుని తిని, ఇంకోసారి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఈసారివి సొంతవి.

ఆగలేక కెజియా శాఖ ఆఫీసరు క్లారా దగ్గరికి వెళ్లింది.

"మా నాయనమ్మను ఒక్క నిమిషం లేపగలరా?"

"లేచిందని మీవాళ్లు ఫోన్లో ఒక్కసారన్నా చెప్పారా?"

"లేదు."

"చెప్పనిది మేం అమలు చెయ్యలేం" అంది క్లారా, మర్యాదగానే. "కావాలంటే నిజం చెప్పమని వాళ్లనే అడగండి. చెబితే ఫోన్లో అన్న మాట అంతటితో రద్దవుతుంది. ఆ మాట మీద వచ్చింది ఏదైనా సరే, ఉన్నచోటు నుంచే వెనక్కి వెళ్లిపోతుంది."

కెజియా అడగలేదు. ఎందుకు అడగలేదో ఆలోచించుకోనూ లేదు. తడిగుడ్డ తెచ్చి నాయనమ్మ మూతికంటిన ఐస్‌క్రీము తుడిచింది.

ఆదివారం తెల్లవారుజామున మార్తమ్మ అందర్నీ లేపింది, లేవగలిగిన వాళ్లందర్నీ. బాపట్లలో ఈస్టర్ నాడు చీకటితోనే సమాధుల దగ్గరికి వెళతారు. ముందురోజే సున్నం వేసి ఉంచిన సమాధుల మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడుతూ పొద్దు పొడిచేదాకా ఉంటారు. ఎక్కడున్నా అది తప్పకూడదు. మార్తమ్మ సూట్‌కేసులో కొవ్వొత్తులు తెచ్చుకుంది.

"ఇక్కడ మనోళ్లెవరున్నారే?" అన్నాడు ఆశీర్వాదం.

"ఎవరోకరు. దిక్కులేని సమాధి చూసి, మనోళ్లే అనుకుందాం."

ఊరి శ్మశానంలో నాచుపట్టిన రాయి ఒకటి చూసుకుని మార్తమ్మ దాని మీద కొవ్వొత్తి నిలబెట్టింది. ఆశీర్వాదం పాట ఎత్తుకున్నాడు. మార్తమ్మ కళ్లు మూసుకుని అందుకుంది. పాట మధ్యలో, ఏ ధ్యాసలో ఉందో ఏమో, రెండో కొవ్వొత్తి వెలిగించి తీసుకెళ్లి నాయనమ్మ కాళ్ల దగ్గర పెట్టింది. పక్కన నాలుగు పూలు పెట్టింది. చెంగు తలమీదికి లాక్కుని, తల వంచి, మళ్లీ కళ్లు మూసుకుని నిలబడింది.

ఆశీర్వాదం పాట ఆగిపోయింది.

మార్తమ్మ కళ్లు తెరిచి, తను చేసిన పని చూసుకుంది. కూతురి మొహంలోకి చూసే ధైర్యం లేక కొవ్వొత్తినే చూస్తూ ఉండిపోయింది.

కెజియాకు అంతా అర్థమైంది. తనకు పరీక్షలని ఆ కబురు దాచారన్నమాట. క్రిస్మస్ తర్వాత ఎప్పుడో, తను ఈ ఊళ్లో కిటికీ లేని గదిలో కూర్చుని "నేను బాగున్నాను" అంటున్నప్పుడే, వాళ్లు అక్కడ మట్టి వేసి వచ్చి "పడుకుందమ్మా" అన్నారు. కోపం వచ్చింది, ఒళ్లంతా మండేంత కోపం. దాని వెనకే ఏడుపు వచ్చింది.

శాఖ తరఫున వచ్చి గేటు దగ్గర నిలబడిన క్లారా, కెజియా పక్కకొచ్చి మెల్లగా అంది: "అడుగుతారా?"

అడిగితే కుర్చీ ఖాళీ అవుతుంది. కెజియా నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది. ఎల్లుండి విమానం ఎక్కేదాకా వెచ్చగానే ఉంటుంది.

"అమ్మా, గాలేస్తోంది" అంది. "మంట నాయనమ్మ చీరకంటుకుంటుంది. కొవ్వొత్తి కాస్త అవతల పెట్టు."

మార్తమ్మ గబుక్కున వంగి తీసింది. "అవునే, చూసుకోలేదు. పడుకున్న మనిషి" అని, కొంగుతో మొహం తుడుచుకుంది. ఆశీర్వాదం పాటను ఆపిన చోటి నుంచే అందుకున్నాడు. ముగ్గురూ చివరి చరణం దాకా పాడారు.

తెల్లవారాక గేటు దగ్గర గడప ఎత్తుగా ఉండి కుర్చీ ఎక్కలేదు. ముందు ఇంకో కుర్చీ కూడా అక్కడే ఆగి ఉంది. ఏ దేశపు పిల్లో, కెజియా ఈడుదే, తెల్లటి గడ్డం ఉన్న పెద్దాయన్ని తోసుకొచ్చింది. ఆమె వెనక తల్లీ తండ్రీ నేల చూపులు చూస్తున్నారు.

"తాతగారు. పడుకున్నారు" అంది ఆ పిల్ల.

"మా నాయనమ్మ కూడా" అంది కెజియా.

ఇద్దరూ కలిసి ఒక కుర్చీ, తర్వాత ఇంకో కుర్చీ గడప దాటించారు. సముద్రం రాత్రే దిగిందట, చూడ్డానికి బస్సు సిద్ధంగా ఉంది. నిద్రపోయే వాళ్ల కోసం శాఖ ముందు వరసలన్నీ ఖాళీగా ఉంచింది. ఆ సీట్లు చాలకపోవడంతో క్లారా రెండో బస్సుకు కబురు పెట్టింది.