తాళం వేసిన బొటనవేలు

గురువారం ఉదయం పదకొండూ ఇరవైకి ముహూర్తం. పురోహితుడు పెట్టిన సమయమూ, రిజిస్ట్రారు ఆఫీసువాళ్లు ఇచ్చిన సమయమూ ఒకటే కావడం సింహాద్రి అప్పన్న దయ తప్ప మరొకటి కాదని అప్పలనరసయ్య నమ్మాడు. పంతొమ్మిదేళ్లుగా అద్దెకుంటున్న రెండు గదుల పెంకుటిల్లు ఆ రోజుతో సొంతమవుతుంది. పెరట్లో సన్నజాజి పందిరీ, గుమ్మం పక్కన తులసికోటా భార్య వరహాలమ్మ చేతి మీదుగా లేచినవే. వాటిని ఇంకొకరికి వదిలి వెళ్లాలన్న ఆలోచన వస్తేనే ఆవిడకు రెండు రోజులు అన్నం సయించేది కాదు.

ఇంటి ఓనరు జగ్గారావు మాస్టారు భిలాయిలో కూతురి దగ్గర ఉంటారు. ఈ ఒక్క సంతకం కోసమే వచ్చారు. మూడింటి రైలుకు తిరుగు ప్రయాణం. "నరసయ్యా, నీ మీద అభిమానంతో నీకిస్తున్నాను. ఇవాళ దాటిందా, మా అల్లుడు ఆ ఎరువుల షాపాయనకి మాటిచ్చేస్తాడు. అప్పుడు నన్నేమీ అనకు" అని ముందే చెప్పారు.

అందుకే అప్పలనరసయ్య ఆ రోజు ఏ పొరపాటూ జరగకూడదనుకున్నాడు. ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షను గుమాస్తాగా ఇరవై ఆరేళ్లు పనిచేసిన మనిషి, ప్రయాణానికి ముందు అన్నీ బిగించి చూసుకోవడం ఆయన అలవాటు. పైగా ఆరు నెలలుగా ఆయన్ను ఒక భయం పట్టుకుంది. తోడల్లుడి బ్యాంకు ఖాతా ఒక పూటలో ఖాళీ అయింది. ఏదో పాత దస్తావేజు మీది వేలిముద్రను ఎవరో నకలు తీసి, జిగురుతో పొర చేసుకుని, దాన్ని మెషీను మీద ఒత్తి తీసుకున్నారని పోలీసులు చెప్పారట. తోడల్లుడి వేలు తోడల్లుడి దగ్గరే ఉంది, డబ్బు మాత్రం లేదు.

అప్పటి నుంచి ఆయన హోటల్లో టీ తాగితే గ్లాసు తుడిచి ఇచ్చేవాడు. దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా అదే ధ్యాస. తాళంచెవి పోతే ఇంకొకటి చేయించుకోవచ్చు, వేలిముద్ర పోతే ఎవరిని అడగాలి? ఇచ్చిన స్వామి సైతం మళ్లీ మార్చి ఇవ్వడు కదా, అలాంటిదాన్ని రేషను దగ్గరా, సిమ్ముల షాపు దగ్గరా, బ్యాంకులోనూ ఇలా కనబడిన ప్రతి మెషీను మీదా ఎందుకు ఒత్తాలి? ఆ ప్రశ్నకు ఆయనకు ఇంతవరకూ ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

వారం కిందట ఫోనులోంచి తన ఆధార్ వేలిముద్రకు తాళం వేశాడు. అలా వేసుకునే సదుపాయం ఉందని పేపర్లో చదివాడు. ఇక ఇంటావిడకు నేర్పిన పాఠం సరేసరి. "ఓటీపీ ఎవరడిగినా చెప్పకు. తెలిసిన నంబరు నుంచి వచ్చినా చెప్పకు. నా గొంతుతో నేనే అడిగినా చెప్పకు. ఇప్పుడు గొంతులు కూడా నకలు తీసేస్తున్నారు."

"మీరడిగినా చెప్పొద్దంటే, మరెవరికి చెప్పాలండీ?"

"ఎవరికీ చెప్పకూడదే. అదీ దాని గొప్పతనం."

ఆ ఉదయం దీపం పెట్టి, బొట్టు దిద్దుకుని, ప్రయాణానికి సిద్ధమయ్యాడు. పట్నానికి బస్సులో గంటన్నర. బస్సులో ఫోను కొట్టేస్తే బ్యాంకంతా కొట్టేసినట్టేనని ఫోను బీరువాలో పెట్టించి, తాళాలు భార్య కొంగుకు కట్టించాడు. ఆధార్ అసలు కార్డుకు బదులు జిరాక్సు తీసుకున్నాడు, దాని మీద నంబరు కనబడకుండా నల్ల ఇంకు పూశాడు. ఆఖరుకు పది వేళ్ల కొసలకూ సన్నటి పారదర్శకపు టేపు చుట్టుకున్నాడు. బస్సు కమ్మీ మీద ముద్రలు పడకూడదు కదా.

"ఇల్లు కొనడానికెళ్తున్నారా, కన్నం వెయ్యడానికెళ్తున్నారా?" అంది వరహాలమ్మ.

"నీకు తెలీదులే. చక్కెరపొంగలి వండి ఉంచు."

పట్నంలో రిజిస్ట్రారు ఆఫీసు హాలు పెళ్లివారి విడిదిలా కిటకిటలాడుతోంది. దస్తావేజు రాసిన రైటరు గంగునాయుడు గుమ్మంలోనే ఎదురయ్యాడు. జగ్గారావు మాస్టారు ముందే వచ్చి, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సరిగ్గా పదకొండూ పద్దెనిమిదికి పిలుపు వచ్చింది. మాస్టారు వేలు పెట్టారు, పచ్చ దీపం వెలిగింది. అప్పలనరసయ్య ఇష్టదైవాన్ని తలుచుకుని బొటనవేలు పెట్టాడు. ఎర్ర దీపం. మళ్లీ పెట్టాడు. ఎర్రదే.

సబ్ రిజిస్ట్రారు మేడమ్ కళ్లజోడు సవరించుకుని, "చెయ్యి ఇలా చూపించండి" అన్నారు. ఆయన చూపించాడు. ఫ్యాను గాలికి బొటనవేలి మీద టేపు కొస లేచి రెపరెపలాడింది.

పోయిన నెలలోనే జిగురు పొరల గురించి జాగ్రత్తగా ఉండమని ఆఫీసుకు కాగితం వచ్చిందట. అది గోడ మీద అంటించే ఉంది.

"వేలికి పొర తొడుక్కొచ్చాడు!" అని వెనక ఎవరో అరిచారు. గుమ్మం దగ్గర కునుకు తీస్తున్న హోమ్‌గార్డు లేచి వచ్చి అప్పలనరసయ్య భుజం మీద చెయ్యేశాడు. "ఏటి బాబూ, పదివేళ్లకీ ఏసుకొచ్చినావు? ఎంతమందివేటి?"

"అన్నీ నావే! అలాంటి దొంగలకు దొరక్కూడదనే వేసుకున్నాను."

"దొరికినోళ్లందరూ అలాగే సెప్తారు."

టేపులన్నీ ఊడదీశాడు. మేడమ్ ఎదుటే తుండుగుడ్డతో వేలు తుడిచి మళ్లీ పెట్టించారు. మళ్లీ ఎర్రదే. కార్డు చూపించమన్నారు. ఆయన చూపించిన జిరాక్సులో నంబరు లేదు సరికదా, ఇంకు కారి ఫోటో సగం దాకా నల్లబడింది.

మేడమ్ ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "మాస్టారూ, ఈయన్ను మీరెరుగుదురా?" అని అడిగారు.

జగ్గారావు మాస్టారు తడబడ్డారు. "పంతొమ్మిదేళ్లుగా అద్దె కడుతున్నాడమ్మా. కానీ మరి, మెషీను కాదంటోంది కదా..." అని అప్పలనరసయ్య ముఖంలోకి కొత్తగా చూశారు. "నరసయ్యా, నిజంగా నువ్వేనా?"

ఆ మాటకు అప్పలనరసయ్య తన బొటనవేలిని తానే ఎగాదిగా చూసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, తాను వేసిన తాళం. "అమ్మా, తాళం! నా వేలికి తాళం వేసింది నేనే!"

విషయం అర్థమయ్యేసరికి గంగునాయుడు తల పట్టుకున్నాడు. "తీసెయ్యొచ్చులెండి. నా కంప్యూటర్లో కొడతాను. ఓటీపీ మీ ఫోనుకొస్తాది, అది సెప్తే సరి. ఫోనేదీ?"

"బీరువాలో."

"ఏ బీరువాలో?"

"మా ఇంట్లో బీరువాలో."

ఇంటికి వెళ్లి రావడానికి మూడు గంటలు. పన్నెండున్నర దాటితే ఆ రోజు గడువు పోతుంది. ఇంకో తేదీ వచ్చేవారం గాని దొరకదు. మాస్టారు గడియారం చూసుకున్నారు. బయట మెట్ల మీద ఎరువుల షాపాయన ఎందుకొచ్చాడో తెలియదు గాని, చెరకురసం తాగుతూ నిలబడి ఉన్నాడు.

గంగునాయుడు కంప్యూటర్లో కొట్టి, తన ఫోనులోంచి బీరువాలోని ఫోనుకే చేశాడు. వరహాలమ్మ తాళం తీసి ఎత్తింది. "అమ్మా, మీ ఆయనగారి ఫోనుకి ఓటీపీ ఒకటొచ్చుంటాది..." అంటూండగానే అవతల వరహాలమ్మ అందుకుంది. "వచ్చిందిరా! నీకు చెప్తాననుకున్నావేటి? నీ ఇంట్లో అప్పచెల్లెళ్లు లేరా? మా ఆయన సంగతి నీకు తెలీదు, నీలాంటోళ్ల మీద ఆరు నెలల్నుంచీ చదువుతున్నారు!" ఆ తర్వాత ఆ నంబరు నుంచి ఎన్నిసార్లు చేసినా పోలేదు. నచ్చని నంబరును రాకుండా చేసే విద్య కూడా అప్పలనరసయ్య నేర్పిందే.

రెండోసారి మాస్టారు తన ఫోనులోంచి చేశారు. "అమ్మా వరహాలూ, నేను, జగ్గారావును."

"అబ్బో, ఓనరుగారి గొంతు కూడా కాజేశారూ!" అంది ఆవిడ. ఫోను పెట్టేసింది. పది నిమిషాలు దాటి మొదటి ఓటీపీ చెల్లకుండా పోయింది.

చూస్తుండగానే పన్నెండూ ఇరవై అయింది. మేడమ్ తన సొంత ఫోను తీసి బల్ల మీద పెట్టారు. "మీరే మాట్లాడండి. స్పీకరు పెట్టే మాట్లాడాలి. మీరు ఎవరికి ఫోను చేస్తున్నారో మాకూ తెలియాలి కదా."

"వరహాలూ! నేనే. కొత్తగా ఓటీపీ వచ్చుంటుంది, చెప్పు!"

ఆవిడ నెమ్మదిగా, "గొంతు మావారిదే. కానీ మావారే చెప్పారు, తన గొంతుతో అడిగినా చెప్పొద్దని" అంది.

"ఆ చెప్పినవాణ్ణి నేనేనే!"

"అయితే నేనడిగినవాటికి జవాబు చెప్పండి. చిన్నప్పుడు మా అత్తగారు మిమ్మల్ని ఏమని పిలిచేవారు?"

అప్పలనరసయ్య హాలు వైపు చూశాడు. ఎనభై మంది దాకా ఉంటారు, ఒక్కరూ కదలడం లేదు. గొంతు తగ్గించి, "బొండాం" అన్నాడు.

"వినబడలేదు."

"బొండాం!"

వెనక వరుసలో ఒక ముసలావిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది ఊళ్లో అందరికీ తెలిసిందే" అంది వరహాలమ్మ. "మొన్న ఏకాదశికి ఉపవాసం ఉన్నారు కదా. మధ్యాహ్నం ఏం చేశారు?"

గంగునాయుడు వేళ్లతో ఐదు నిమిషాలే ఉందని సైగ చేశాడు. ఇల్లు, తులసికోట, పందిరి కళ్ల ముందు మెదిలాయి. కళ్లు మూసుకుని, "డిపో క్యాంటీనులో పకోడీ తిన్నాను" అన్నాడు.

"ఎన్ని?"

"పొట్లం."

"ఏకాదశినాడా, నరసయ్యా!" అన్నారు మాస్టారు బాధగా.

"అయ్యయ్యో, నిజవేనేటి!" అంది వరహాలమ్మ. "మీ క్యాషియరుగారి భార్య చెప్తే నమ్మలేదు నేను. ఇంతకీ ఇది మీకూ తెలుసు, వాళ్లకీ తెలుసు. ఇంకెవరికి తెలుసో ఏమో. ఇలా లాభం లేదు, ఆఖరుది అడుగుతాను. పెళ్లయిన కొత్తలో మా నాన్నగారు భోజనానికొచ్చినప్పుడు పనసపొట్టు పులుసుకూర పాడైపోయింది. రెండోసారి ఉప్పు వేసిందెవరు?"

"రెండు నిమిషాలు" అన్నాడు గంగునాయుడు.

మాస్టారు చేతులు జోడించి, "నేనే అనెయ్, నరసయ్యా" అని గుసగుసగా బతిమాలారు. మేడమ్ కూడా అలాగే అనమన్నట్టు తల ఊపారు. ఆయనకూ తెలుసు, ఒక్క మాట అనేస్తే ఇల్లు తనది. కానీ ఇరవై రెండేళ్ల నాటి ఆ పులుసు నాలుక మీదికి వచ్చేసింది.

"నువ్వే వేశావు! నేను వేసింది ఒక్కసారే. నేను చెంబుతో నీళ్లు తేవడానికి వెళ్లినప్పుడు నువ్వు వేశావు. మీ నాన్నగారి ముందు నా మీదికి నెట్టావు. ఇల్లు పోనీ, వాకిలి పోనీ, ఉప్పు వేసింది మాత్రం నువ్వే!"

మాస్టారు నెత్తి కొట్టుకున్నారు.

అవతలి నుంచి వరహాలమ్మ నవ్వు వినబడింది. "మీరేనండీ. దొంగవెధవైతే ఓటీపీ కోసం ఎప్పుడో ఒప్పేసుకునేవాడు. రాసుకోండి."

ఆవిడ వ్రతకథ చదివినట్టు ఒక్కొక్క అంకే చదివింది. ఐదోది సరిగా వినబడకపోతే హాల్లో నలుగురు అందించారు. అప్పలనరసయ్య వేలు పెట్టాడు. పచ్చ దీపం వెలిగింది. హోమ్‌గార్డు భుజం మీది చెయ్యి తీసి, చొక్కా మడత సరిచేశాడు. ఎరువుల షాపాయన చెరకురసం గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

"ముహూర్తం దాటిపోయిందే" అని మాస్టారు నొచ్చుకుంటే, "అబిజిత్తు నడుస్తంది మాస్టారూ, దానికి తిరుగు లేదు" అన్నాడు గంగునాయుడు. రోజూ ఆ మాట పది మందికి చెప్పే మనిషి కాబట్టి తడుముకోలేదు.

తిరుగు బస్సులో అప్పలనరసయ్య వట్టి చేత్తోనే కమ్మీ పట్టుకున్నాడు. ముద్రలు పడితే పడనీ అనుకున్నాడు గాని, భయం పూర్తిగా పోలేదు. వేలికి మళ్లీ తాళం వేయాల్సిందే, అందులో అనుమానం లేదు. అయితే ఊరూ పేరూ లేని మెషీను కాదన్న మనిషిని, ఎక్కడో వంటింట్లో కూర్చుని ఔనన్నదే, ఆ ఇల్లాలిని తలుచుకుంటే గుండె కరిగింది. హాల్లో పమిట అడ్డం పెట్టుకున్న ముసలావిడ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "పనసపొట్టులో ఉప్పు ఆఖర్నే వెయ్యాలి నాయనా, బొండాం" అంది. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

పొద్దు వాలకముందే ఇల్లు చేరాడు. సొంత ఇంటి తలుపు. లోపలి నుంచి చక్కెరపొంగలి వాసన వస్తోంది. తలుపు తట్టాడు.

"ఎవరు?"

"నేనే."

గడియ కదిలిన చప్పుడైంది. అప్పలనరసయ్యకు ఆ క్షణంలో ప్రేమ పొంగింది. ఇంత మేలు చేసిన మనిషితో ఇంకా పంతమేమిటి అనిపించింది.

"వరహాలూ, ఆలోచిస్తే, ఆ రోజు పులుసులో రెండోసారి ఉప్పు వేసింది నేనేలే" అన్నాడు.

సగం దాకా వచ్చిన గడియ ఆగి, మళ్లీ వెనక్కి వెళ్లి పడింది.