తెలుగు ర్యాక్‌లో కాలువల పుస్తకం

పాత ఢిల్లీ నీటి కాలువల మీద శరత్ రాసిన ఎంఫిల్ పేపరుకు ఆరోజు సాయంత్రంతో గడువు ముగుస్తుంది. పేపరు పూర్తయింది, ఫుట్‌నోట్లలో పేజీ నంబర్లు మాత్రం ఖాళీగా ఉన్నాయి. గైడు వీరభద్రరావు గారు ఏ పేపరునైనా వెనకనుంచి, అంటే ఫుట్‌నోట్ల నుంచి చదివే మనిషి. పేజీ నంబరు లేకపోతే అక్కడే మడిచి వెనక్కిచ్చేస్తారు. పైగా కళ్ళజోడు పోగొట్టుకుని వారం రోజులుగా కనిపించినవాళ్ళనల్లా కసురుతున్నారు. పేపరు తిరిగొచ్చిందంటే శరత్‌కి సెమిస్టరు పోయినట్టే.

అయినా మునిర్కాలోని అద్దె గదిలో శరత్ నిమ్మళంగా టీ తాగాడు. అతనికి కావలసిన కాలువల పుస్తకం యూనివర్సిటీ లైబ్రరీలో ఒక్కటే కాపీ ఉంది, దాన్ని ఇంటికివ్వరు. అలాంటి పుస్తకాన్ని ఇంకొకడి కంటబడకుండా వేరే ర్యాక్‌లో దాచుకోవడం అక్కడ తరతరాల ఆచారం. శరత్ ముందురోజు దాన్ని తెలుగు ర్యాక్‌లో వెనక వరసన దాచి వచ్చాడు. ఢిల్లీలో బ్యాంకు లాకరు కూడా అంత భద్రం కాదని అతని నమ్మకం. వెళ్ళి నంబర్లు ఎక్కించి, మధ్యాహ్నానికి పేపరు ఇచ్చేసి పడుకుందామనుకున్నాడు.

వెళ్ళేసరికి ర్యాక్ ఖాళీ. అటెండర్లు పుస్తకాలన్నీ కట్టలు కట్టి తాళ్ళు బిగిస్తున్నారు. అసిస్టెంట్ లైబ్రేరియన్ లలితకుమారి గారు పుట్టింటి సామాను వేలం వేస్తున్నట్టు చూస్తూ నిలబడ్డారు. ఆ పుస్తకాలను ఎవరూ ముట్టడం లేదట, గోడౌనుకు పంపేసి అక్కడ కంప్యూటర్లు పెడతారట. శరత్‌కి పై ప్రాణం పైనే పోయింది.

"పంపకండి మేడం. నేను చదువుతున్నాను," అన్నాడు.

"తెలుగా? నువ్వా నాన్నా?" ఆవిడ కళ్ళు నిండాయి. "ఇన్నేళ్ళలో ఇవి కావాలన్నవాడివి నువ్వొక్కడివే."

ఆవిడ అతని చెయ్యి పట్టుకుని చీఫ్ లైబ్రేరియన్ గదికి లాక్కెళ్ళారు. ఒక్క పాఠకుడి కోసం ర్యాక్ ఉంచలేనన్నాడా హిందీ పెద్దమనిషి. ఒక్కడేమిటి, ఇతని వెనక పెద్ద గుంపే ఉందని ఆవిడ మాటిచ్చేశారు. అయితే లంచ్ తర్వాత ఆ గుంపును చూపించమన్నాడాయన. శరత్ ఆంధ్రాభవన్ భోజనం ఆశ చూపి, ఫోన్ చేసి రూమ్మేట్లను రప్పించాడు.

వాళ్ళలో సాకేత్ ఢిల్లీలోనే, జనక్‌పురిలో పుట్టి పెరిగినవాడు. తెలుగు అర్థమవుతుంది గానీ అక్షరం ముక్క రాదు. లంచ్ తర్వాత చీఫ్ గారు ర్యాక్ దగ్గరికొచ్చినప్పుడు, శరత్ ఒక కట్టలోంచి లాగి ఇచ్చిన ఊరగాయల పుస్తకాన్ని ఎంత తన్మయంగా తిప్పాడంటే, అందులో ఏముందని ఆయనే అడిగారు.

"బహుత్ గెహ్రీ బాత్ హై సర్," అన్నాడు సాకేత్, చాలా లోతైన సంగతేదో చదివినట్టు కళ్ళు తుడుచుకుంటూ.

ఈ పోరాటం సంగతి డిపార్ట్‌మెంటుకు పాకింది. వీరభద్రరావు గారు రొప్పుకుంటూ వచ్చి శరత్ భుజం తట్టారు. మాతృభాష ఢిల్లీలో అనాథ కాకూడదని ఇంగ్లీషులో ఉపన్యసించారు. కట్టలు మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, సర్దడం నేను దగ్గరుండి చూసుకుంటానన్నారు. శరత్ కూడా సరిగ్గా ఆ మాటే అనబోతున్నాడు.

ప్రొఫెసరంతటి వాడు చెప్పాక చీఫ్ గారు మెత్తబడి, ర్యాక్ ఉంచుతానని ప్రకటించి, ముచ్చటపడి మొదటి కట్ట తనే విప్పారు. తెలుగు పుస్తకాల మధ్యనుంచి కాలువల పుస్తకం జారి కింద పడింది. ఆ వెనకే న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం, రసాయనశాస్త్రం. అన్నీ ఎప్పుడో పోయాయని లెక్క తేల్చినవే.

లలితకుమారి గారు శరత్ వైపు చూశారు. "ఇందుకా నాన్నా?"

శరత్ సిగ్గుతో చచ్చిపోయాడు. "కాలువలది ఒక్కటే నాది మేడం," అన్నాడు.

ఆవిడ ఒక లావుపాటి తెలుగు పుస్తకం తీసి, అతని పేరు మీద ముద్ర గుద్ది చేతిలో పెట్టారు. "దాచుకున్నావుగా. ఇప్పుడు చదువు."

చీఫ్ గారు ఈలోగా ఆఖరి పుస్తకాన్ని, మొఘలుల భూమిశిస్తు మీద ఉన్నదాన్ని, విదిలించారు. అందులోంచి ఒక కళ్ళజోడు పడింది. డిపార్ట్‌మెంటులో ఆ తాబేటిచిప్ప ఫ్రేము తెలియనివాళ్ళు లేరు. వీరభద్రరావు గారు వంగి దాన్ని తీసుకుని, తుడిచి, జేబులో పెట్టుకున్నారు. మాతృభాష గురించి ఇంకేమీ మాట్లాడలేదు.

లైబ్రరీ మొత్తంలో ఇంతమంది వాడే ర్యాక్ మరొకటి లేదని చీఫ్ గారు ఒప్పుకున్నారు. దొరికిన పుస్తకాలన్నీ తన గదిలో పెట్టి తాళం వేసుకున్నారు. పేజీ నంబర్లు కూడా ఆ తాళం వెనకే ఉండిపోయాయి.

సాయంత్రం శరత్ ఖాళీ ఫుట్‌నోట్లతోనే పేపరు తీసుకెళ్ళి గైడు బల్లమీద పెట్టాడు. వీరభద్రరావు గారు కళ్ళజోడు పెట్టుకుని అతన్ని కాసేపు చూశారు. ఆ తర్వాత, తన ఉద్యోగ జీవితంలో మొదటిసారిగా, పేపరును మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు.